వాకిటమ్మకు సంజాయిషీ నోటీసు

జుం… జుం… జుజ్జుం.

మనిషి కనబడలేదు, మేళం కనబడలేదు. వీధి మలుపు అవతల ఎక్కడో, తోలుకు బిగించిన తీగ ఒకటి మూలిగింది. ఆ మూలుగు పెంకుల మీదుగా పాకింది, పెరటి గోడ దూకింది, పొయ్యి ముందు కూర్చున్న అసిరితల్లి గుండెలో దిగింది. చేతిలోని ఊదుగొట్టం జారి బూడిదలో పడింది. జముకు మోగిందంటే పండగ చాటినట్టు. పండగ చాటారంటే తొమ్మిదో నాడు అనుపు, అమ్మవారిని సాగనంపే వేడుక. అనుపు నాడు, పొద్దు గూకే లోగా, ఊరందరి ముందు నిలబడి అమ్మవారిని నోరారా తిట్టాలి.

ఈ ఏడు ఆ తిట్టవలసిన నోరు అసిరితల్లిది.

అదే వచ్చిన చిక్కు. ఇరవయ్యెనిమిదేళ్లుగా ఆ నోట తిట్టన్నది పుట్టలేదు. ఎండబెట్టిన ధాన్యం మీద కోడి వాలితే "కాస్త పక్కకెల్లవా తల్లీ" అని బతిమాలే మనిషి. బస్సు ఆపమని ఆమె అన్న మాట కండక్టరు చెవికి చేరేసరికి బస్సు రెండు ఊళ్లు దాటి ఉండేది.

మువ్వలవలసలో ఆ ఇంటిని 'తిట్లోరిల్లు' అంటారు. ఎన్ని వందల ఏళ్ల కిందటో ఎవరికీ తెలియదు గాని, ఆ ఇంటి కోడలొకామెకు వరసగా ఆరుగురు బిడ్డలు పుట్టి, ఆరుగురూ ఉయ్యాల దిగకుండానే పోయారు. ఏడో కాన్పు ఆడపిల్ల. మంచి పేరు పెడితే మృత్యువు ముచ్చటపడుతుందని భయపడిన తల్లి, చావు సైతం విని ముక్కు మూసుకుని మళ్లిపోయే పేరొకటి ఏరి పెట్టింది. పిల్ల బతికింది. దానికి పన్నెండేళ్లు వచ్చిన ఏడు ఊళ్లో మహమ్మారి దిగింది. తలుపులన్నీ మూతపడ్డాయి. ఆ పిల్ల ఒక్కతే పసుపునీళ్ల కుండ చంకనెత్తుకుని, వేపరెమ్మ చేతబట్టుకుని, వాకిలి వాకిలికీ తిరిగి, దప్పిగొన్న నోళ్లలో నీళ్లు పోసింది. పొద్దు గూకే లోగా ఇంటికి రమ్మని తల్లి చెప్పింది. పిల్ల రాలేదు. తల్లి వీధిన పడి, తిట్టుకుంటూ, పేరు పెట్టి పిలుచుకుంటూ ఊరంతా వెతికింది. కట్టకడపటి ఇంటి వాకిట కనబడింది పిల్ల, ఖాళీ కుండ మీద తల వాల్చి.

ఆ వాకిలే గుడి అయింది. ఆ పిల్లే వాకిటమ్మ అయింది. ఆ తల్లి తిట్లే పూజ అయ్యాయి. ఏటా అనుపు నాడు తిట్లోరింటి కోడలు గుడి వాకిట నిలబడి అవే తిట్లు తిట్టి, కడపట ఆ కన్నతల్లి పెట్టిన పేరు ఒక్కసారి బిగ్గరగా పిలవాలి. పిలుపు వింటేనే అమ్మవారు కొలువైన కుండ, ఘటం, లేస్తుంది. లేచిన ఘటం ఆ ఒక్క రాత్రి పుట్టినింట బస చేస్తుంది. తెల్లవారితే సాగనంపడం. ఆ పేరు ఊరందరూ ఏటా వింటారు. విన్నవారెవరూ పలకరు. పలికే హక్కు ఆ ఇంటి కోడలిది. ఒక్క ఏడు తప్పిందా, హక్కు పోతుంది. పిల్ల మరి గడప దాటదు.

నలభై ఏళ్లు ఆ హక్కును ఏలినది అసిరితల్లి అత్త సన్యాసమ్మ. ఆమె నోరు విప్పితే గెడ్డవాగు అవతలి పశువులు మేత మానేవి. పోయిన వేసవిలో పట్నం ఆసుపత్రిలో గొంతు కోశారు. ప్రాణం ఉంచి స్వరం తీసుకున్నారు. ఇప్పుడామె మాట అంతా చేతికర్రే. గచ్చు మీద ఒక దెబ్బ కొడితే అవును. రెండు కొడితే కాదు. మూడు కొడితే 'నీ జిమ్మడ'.

జముకు వెనకే మనుషులు వచ్చారు. ముందు, జముకు వాయించే ముసలి తవుడు. పుట్టిన పిల్లలు దక్కని ఇంట పుట్టినందున, చేటెడు తవుడుకు అమ్మేసి మళ్లీ కొనుక్కున్న బిడ్డ. డెబ్బై దాటినా చావు ఆ పేరు వైపు తిరిగి చూడలేదు. అతని వెనక పట్నం గుమాస్తా కూర్మారావు, చంకలో ఫైలు. ఆ వెనక ఆలయ కార్యనిర్వహణాధికారి సత్యప్రమోదరావు గారు, ముఖంలో ఉత్తర్వు.

"తవుడేశ్వరరావు గారూ, తాము కొంత తడవు జముకు వాదనము నిలుపుదురా?" అన్నారు అధికారి గారు.

తవుడు వెనక్కి తిరిగి చూశాడు, కొత్తాయన ఎవరైనా వచ్చారేమోనని.

"నిన్నే తాతా" అన్నాడు కూర్మారావు మెల్లగా. "నిన్నటి నుంచి నీ పేరు అది."

"మరి నాకు సెప్పనేదేటి?"

"'దేవాలయ మర్యాదాభాషా నియమావళి' అమలులోకి వచ్చినది" అని అధికారి గారు అరుగు మీద కూర్చుని సెలవిచ్చారు. "ఇక మీదట ఆలయ ప్రాంగణమునందు దేవతలను గాని, సిబ్బందిని గాని, పశుపక్ష్యాదులను గాని ఉద్దేశించి అమర్యాదకరమగు పదజాలము వాడరాదు."

అసిరితల్లి మొగుడు గురువులు, ఏటా ఘటం నెత్తిన ఎత్తుకునేవాడు, నోరు తెరిచాడు. "అయితే బాబూ, తిట్లు నేవా?"

"లేకుండుట కుదరదు. ఆచారములను యథాతథముగా కొనసాగించవలెనని పూర్వపు ఉత్తర్వు ఒకటి కలదు. అదియు అమలులోనే ఉన్నది. కావున తిట్టరాదు, తిట్టక మానరాదు. రెంటినీ ఏకకాలమున పాటించుటయే పరిపాలన."

ఆయన చూపుడువేలు పైకెత్తారు.

"తిట్టు అనగానేమి? అసంతృప్తి. అసంతృప్తి అనగానేమి? ఫిర్యాదు. ఫిర్యాదునకు ఫారము కలదు."

తలుపు వెనక నుంచి అసిరితల్లి గొంతు దారప్పోగంత సన్నగా వచ్చింది. "అరవక్కర్నేదా బాబూ?"

"అక్షరమైనను అరవనక్కరలేదు. మూడు ప్రతులు చాలును."

లోపల గచ్చు మీద కర్ర రెండు దెబ్బలు కొట్టింది. కొంచెం ఆగి మూడు కొట్టింది. అసిరితల్లి విననట్టే నిలబడింది. మెత్తని మనిషి చేసే మొదటి తప్పు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది.

మర్నాడు ఆలయ కార్యాలయంలో కూర్మారావు కలం మూత తీశాడు. "చెప్పమ్మా. మొదట ఏమంటారు?"

అసిరితల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మొదట… 'నీ జిమ్మడ' అనాలండి."

కూర్మారావు కలం చివర కొరికాడు. ఆ తరువాత గుండ్రంగా రాశాడు: తమ క్షేమము విషయమై ఆందోళన వ్యక్తము చేయడమైనది.

"'నీ కాళ్లిరగ, పొద్దల్లా ఎక్కడ తిరుగుతన్నావే' అనాలండి."

తమ పర్యటన వివరములు నేటివరకు అందలేదు.

"'ఊరోళ్ల గుమ్మాలట్టుకు ఏలాడతావేటి, నీకు కొంప నేదా' అనాలండి."

తమ నివాసస్థలము గూర్చి స్పష్టత కోరడమైనది.

అసిరితల్లికి నవ్వు వచ్చింది. ఇంత సులువా! నలభై ఏళ్లు అత్త గొంతు చించుకున్నది ఈ నాలుగు వరసల కోసమా! ఆ నవ్వు పెదవుల మీద ఉండగానే కూర్మారావు పైకి చూసి అడిగాడు.

"ఎదుటిపక్షం పేరు? రికార్డులో 'శ్రీశ్రీశ్రీ వాకిటేశ్వరీ పరాంబికా అమ్మవారు' అని ఉంది. మీరు పిలిచేది వేరే ఏదో ఉందటగా?"

"అది రాయకూడదండి."

"ఏం పేరమ్మా అంత?"

"అందమైన పేరు కాదండి" అంది అసిరితల్లి, తల వంచుకుని.

కూర్మారావు జాలిపడి, ఆ గడిలో 'పరిశీలనలో ఉన్నది' అని రాసి స్టాంపు వేశాడు. అసిరితల్లి వేలిముద్ర వెయ్యకుండా సంతకమే చేసింది. గాలికి ఎగిరే దూదిలా ఇంటికి వచ్చింది. అత్త ఆమెను చూసి కర్ర ఎత్తింది, ఎందుకో కొట్టకుండా దించేసింది.

ఫిర్యాదు అన్నది అందిన తరువాత ఊరికే కూర్చోదు. అది నడుస్తుంది.

మూడో నాడు సత్యప్రమోదరావు గారు ఫైలు మీద రాశారు: ఎదుటిపక్షమునకు తన వాదన వినిపించుకొను అవకాశము ఈయకుండుట సహజన్యాయమునకు విరుద్ధము. ఆ సాయంత్రం గుడి తలుపుకు నోటీసు అంటించారు. మూడు దినములలో సంజాయిషీ సమర్పించవలెనని, సదా వాకిటనే ఉండెడి కారణమున నోటీసు కంటబడలేదనుట చెల్లదని అందులో ఉంది. నాలుగో నాటి పొద్దుటికి ఆ నోటీసుకు ఎవరో పసుపు రాశారు. మధ్యాహ్నానికి కుంకుమ ఎక్కింది. ఒక ఇల్లాలు దాని ముందు మోకరిల్లి, కొడుక్కి ఉద్యోగం వస్తే ఇలాంటి కాగితాలు నూటొకటి అంటిస్తానని మొక్కుకుంది. ఐదో నాడు అధికారి గారు గడువు గుర్తుచేస్తూ 'జ్ఞాపిక' అంటించారు. దానికి కొబ్బరికాయ కొట్టారు.

ఆరో నాడు గడువు తీరింది. అమ్మవారు జవాబియ్యలేదు.

"మౌనము ధిక్కారము" అన్నారు అధికారి గారు. ఆయన కోపంగా అనలేదు. అన్యాయం జరగకూడదన్న బెంగతో అన్నారు. గుడి ముందు పలక వెలిసింది: విచారణ ముగియువరకు అమ్మవారు విధులనుండి తాత్కాలికముగా తప్పింపబడినారు. భక్తులు సహకరింపగలరు.

సస్పెన్షన్‌లో ఉన్నవారికి సగం జీవనభృతి కనుక నైవేద్యం సగమైంది. రెండు వత్తుల దీపం ఒంటివత్తి అయింది. అమ్మవారికి పొయ్యడానికి ముర్రాటల పసుపునీళ్ల కుండలతో వచ్చిన ఆడవాళ్లను ఆపి, సగం కుండ మాత్రమే పొయ్యమన్నారు. పొరుగున దాసరిపేటలోని నీలమ్మవారికి పూర్తి అదనపు బాధ్యతలు అప్పగిస్తూ కాగితం వెళ్లింది. దాసరిపేట పెద్దలు ఆ కాగితాన్ని తిరిగి పంపుతూ కబురు పెట్టారు: "మా నీలమ్మ ఆవిడ చెల్లెలు. అప్ప పీట మీద చెల్లి కూకోదు. అయినా చీరెట్టి పిలిసినారేటి?" బాధ్యతలు స్వీకరించుటకు నిరాకరణ అని అధికారి గారు దాన్ని నమోదు చేసి, నీలమ్మవారికి కూడా ఒక నోటీసు పంపారు.

ఇంతవరకూ ఊరు నవ్వింది. గొంతు విప్పనక్కరలేని అసిరితల్లి అందరికన్న తేలికగా నవ్వింది. ఏడో నాటి మధ్యాహ్నం గురువులు గుడి నుంచి వచ్చి గుమ్మంలో కూలబడేవరకూ నవ్వింది.

"అనుపు నేదంటన్నారే."

"ఏటి?"

"సస్పెన్సను అయినోళ్లు అడక్కుండా ఊరిడిసి, గుమ్మమిడిసి కదలకూడదంట. రూలంట. ఘటం ఎత్తితే నా మీదా కేసంట."

అసిరితల్లి లోపలికి చూసింది. తూర్పు మూల, ఏటా ఘటం దించే చోట, సన్యాసమ్మ నేల మీద చతికిలబడి ముగ్గు పెడుతోంది. వణికే చేతికి గీత వంకర పోతోంది. చెరిపి మళ్లీ గీస్తోంది. పక్కన కొత్త కుండలో నీళ్లు, దాని మీద మూకుడు. ఆ ముసలామెకు ఆడపిల్లలు లేరు. ఏడాదికి ఒక్క రాత్రి ఇంటికొచ్చే కూతురు ఒక్కతే. గురువులు మాట విన్నదో లేదో, కోడలి వైపు తిరిగి పెదవులు మాత్రం కదిపింది. స్వరం రాలేదు గాని మాట తెలిసింది.

'అది వత్తాది.'

అసిరితల్లి కాళ్లకు చెప్పులు లేకుండా కార్యాలయానికి పరుగెత్తింది.

"బాబూ, నా కాయితం నాకిచ్చేయండి. నాను తిట్టనేదు, ఏటీ అననేదు. ఇచ్చేయండి బాబూ."

సత్యప్రమోదరావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, కార్యాలయమునకు కాగితము వచ్చుటయే కలదు గాని పోవుట లేదు. తొమ్మిదో నాడు విచారణాధికారిణి గారు వచ్చుచున్నారు. అంతవరకు దేవి గారి ఎడల మాకును గౌరవమే."

తొమ్మిదో నాడు మూడు గంటలకు జీపు వచ్చింది. విచారణాధికారిణి మందాకిని గారు దిగారు. తక్కువ మాటల మనిషి, చేతిలో బరువైన నిబంధనల పుస్తకం. మండపంలో గర్భగుడికి ఎదురుగా బల్ల వేశారు. ఊరంతా చుట్టూ నిలబడింది. పూలు కట్టిన ఘటం లోపల పీట మీద ఉంది, పక్కన గురువులు చేతులు కట్టుకుని. సన్యాసమ్మను కుర్చీతో సహా ఎత్తుకొచ్చి స్తంభం దగ్గర దించారు.

కూర్మారావు లేచి కేక పెట్టాడు. "శ్రీశ్రీశ్రీ వాకిటేశ్వరీ పరాంబికా అమ్మవారు హాజరు కావలెను!"

గంట కదలలేదు. దీపం కదలలేదు. మూడుసార్లు పిలిచాడు. మూడోసారికి అతని గొంతే కదలలేదు.

"ఆవిడికా పేరు తెల్దు తల్లీ" అన్నాడు తవుడు, జముకు చంకలో సర్దుకుంటూ. "నన్ను తవుడేశ్వరరావంటే నాను పలికినానా?"

మందాకిని గారు ఆ మాటను రాసుకున్నారు. "అసలు పేరు మీలో ఎవరికి తెలుసు?"

"అందరికీ తెలుసండి" అంది ఊరు.

"అయితే చెప్పండి."

"సెప్పమండి" అంది ఊరు.

ఆమె పుస్తకం తిరగేశారు. చాలాసేపు తిరగేశారు. గుడి మెట్ల మీది ఎండ ఈలోగా ఒక మెట్టు ఎక్కింది.

"రెండు మార్గాలు ఉన్నాయి. ఎదుటిపక్షం హాజరు కాలేదు గనుక విచారణ వచ్చే ఏటికి వాయిదా వేయవచ్చు. లేదా ఫిర్యాదుదారు ఫిర్యాదును ఉపసంహరించుకోవచ్చు. ఉపసంహరణ రాతలో చెల్లదు." వేలు పెట్టి చదివారు. "'ఫిర్యాదుదారు స్వయముగా ఎదుటిపక్షమునకు అభిముఖముగా నిలబడి, ఫిర్యాదును ఆద్యంతము నోటితో చెప్పి, ఎదుటిపక్షమును సరియగు పేరుతో సంబోధించి, హాజరైనవారికెల్ల వినిపించునట్లు, సూర్యాస్తమయములోగా ఉపసంహరించుకొనవలెను.'"

సత్యప్రమోదరావు గారి ముఖం పాలిపోయింది. "మేడమ్, అది తిట్టుటయే గదా?"

"కాదు" అన్నారు మందాకిని గారు. "ఉపసంహరించుట."

అసిరితల్లి లేచింది. ఫిర్యాదు కాగితం విప్పింది. "తమ… క్షేమము విషయమై…"

"వినిపించలేదు."

"తమ క్షేమము విషయమై ఆందోళన…"

"నాకే వినిపించలేదు. రికార్డులోకి రాదు."

మూడోసారి పెదవులు కదిలాయి గాని ముందు వరసలోని వాళ్లు కూడా చెవుల వెనక చేతులు పెట్టి ముందుకు వంగారు. ఎండ ఆఖరి మెట్టు ఎక్కి గడప మీద పడింది. గడప దాటితే ఇక గోడ. గోడ దాటితే ఇక పొద్దు లేదు. అసిరితల్లి కళ్లు అత్తను వెతికాయి. సన్యాసమ్మ నోరు తెరిచి ఉంది. ఆ నోటి నుంచి గాలి తప్ప మరేమీ రావడం లేదు. నలభై ఏళ్ల తిట్లన్నీ ఆ గాలిలో కొట్టుకుంటున్నాయి. ముసలామె కర్ర ఎత్తి నేల మీద మోదింది. ఒకటి. రెండు. మూడు.

జుం, అంది తవుడి జముకు.

అసిరితల్లి లోపలికి చూసింది. మొట్టమొదటిసారి నిజంగా చూసింది. ఒంటివత్తి దీపం. సగం పళ్లెం. సగం కుండ. తలుపు మీద తాను సంతకం చేసిన కాగితానికి పుట్టిన నోటీసు. ఆ చీకట్లో, పొద్దుటి నుంచి ఊరందరికీ నీళ్లు మోసి, తన నోట చుక్క పోసేవారు లేక వాకిట కూర్చున్న పన్నెండేళ్ల పిల్ల. ఇంటికి పొమ్మనేవాళ్లు లేరు. రమ్మనవలసినది తాను.

కాగితం చేతిలోంచి జారింది.

"నీ జిమ్మడ!"

మండపం చూరులోని పావురాలు ఒక్కుమ్మడిగా లేచాయి. కూర్మారావు కలం అలవాటుగా 'తమ క్షేమము' అని రాసి ఆగిపోయింది.

"నీ కాళ్లిరగ! పొద్దల్లా ఎక్కడెక్కడ తిరుగుతన్నావే? పొద్దెక్కడికెల్లిందో సూసినావా? ఊరోళ్ల గుమ్మాలట్టుకు ఏలాడతావేటి, నీకు కొంప నేదా, కన్నోళ్లు నేరా?"

సత్యప్రమోదరావు గారు "అమర్యాద…" అంటూ లేవబోయారు. సన్యాసమ్మ కర్ర ఆయన మోకాలికి అడ్డం పడింది. కూర్చున్నారు.

"సగం మెతుకులెడితే తిన్నావా? కాయితమంటిస్తే కూకున్నావా? కదలొద్దంటే కదలకుండా ఉండిపోతావా? ఎవురి మాటిని నేర్సినావే ఈ బుద్ది? అమ్మ మాట ఏనాడైనా ఇన్నావా? ఊరందరి గొంతూ తడిపినావు గదే, నీ గొంతెవుర్తె తడిపిందే? నానే, నీ జిమ్మడ, నానే ఇంత కాయితం రాసి నీ కాళ్లకి కట్టినాను! నన్ను తిట్టు, రేపు తిట్టుదువు గాని! కుండలో నీళ్లోసి ఉంచినాది ముసిల్ది. తొమ్మిది రోజులై ముగ్గెట్టి చెరిపి, ముగ్గెట్టి చెరిపి…"

ఆ గొంతు ఎక్కడి నుంచి వస్తోందో ఆమెకే తెలియలేదు. గెడ్డ అవతల ఒక గేదె మేత మాని తలెత్తింది.

"పేరు" అన్నారు మందాకిని గారు. "పేరు ఇంకా రికార్డులోకి రాలేదమ్మా."

గోడ మీది ఎండ బొట్టంత మిగిలింది. గురువులు వంగి రెండు చేతులూ ఘటం కింద పెట్టాడు. తవుడు తీగ మీది వేలు తీసేశాడు. సన్యాసమ్మ కర్ర పైకెత్తి, కొట్టకుండా, అలాగే పట్టుకుంది.

అసిరితల్లి గడప మీద చెయ్యేసి, లోపలి చీకట్లోకి వంగి, ఊరు ఊరంతా వినేలా పిలిచింది.

"రాయే ఇంటికి! ఒలే పెంటమ్మా!"